చదవని నవలకు కార్చిన కన్నీళ్ళు

ఒక నవల గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, రెండు కొంపలు ఒకేసారి ముంచిన ఘనుడు మీకెక్కడైనా తగిలాడా? తగిలి ఉండడు. ఇదుగో, నమస్కారం, నేనే. ఆ మునిగిన కొంపల్లో ఒకటి నాది. దానికి పెద్దగా బాధపడటం లేదు, అది ఎలాగూ మునిగేదే. రెండోది సరితది. నవ్వుతూనే చెప్తాను గానీ, వింటూ వింటూ మధ్యలో నన్ను తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి. నేనేమీ అనుకోను.

ముందు పాఠకుడిగా నా స్థాయి మనవి చేసుకోవాలి. నేను నవలలు చదువుతాను. అంటే, మొదలుపెడతాను. ఊరంతా చదువుతోందంటే కొంటాను, కొన్ని పేజీలు తిప్పి దిండు కింద పెట్టుకుంటాను. నవలల మీద నాకున్న అభిప్రాయాలు రెండే: నిద్ర పట్టింది, నిద్ర పట్టలేదు. ఆ మధ్య జనం ఎగబడి చదివిన హత్య నవల ఒకటుంది. ఒక లైట్‌హౌస్‌లో శవం దొరుకుతుంది. శవం దొరికేదాకా మెలకువగానే ఉన్నాను. పోలీసులు వచ్చేసరికి నేను లేను. ఇంకొకటి ప్రేమ నవల. అందులో ఆ అమ్మాయీ అబ్బాయీ వానలో తడుస్తూ ఎంతసేపు మాట్లాడుకున్నారంటే, చదువుతున్న నాకు జలుబు చేసింది. మిగతాది వదిలేశాను.

ఇలాంటి మనిషి ఢిల్లీలో, కోచింగ్ సెంటర్ల పేట ముఖర్జీ నగర్‌లో, పీజీ గదిలో పడి ఉండి, ఎలాగో సివిల్స్ మెయిన్స్ గట్టెక్కి, ఇంటర్వ్యూ ఫారంలో హాబీ అన్నచోట ఏం రాశాడు? 'సమకాలీన నవలలు చదవడం' అని రాశాడు. ఎందుకంటే మా పీజీలో ముందు రాసినవాళ్ళంతా అలాగే రాశారు. 'నిద్ర' అని నిజం రాయడానికి ధైర్యం చాలలేదు.

బయటివాళ్ళకు తెలియదు గానీ, మా పేటలో హాబీ అంటే సరదా కాదు, అదొక సబ్జెక్టు. చరిత్ర, రాజ్యాంగం చదివినట్టే హాబీని కూడా కూర్చుని చదవాలి. తోటపని అని రాసినవాడు మొక్క ముఖం చూడకుండా ఎరువుల పేర్లు వల్లిస్తాడు. వంట అని రాసినవాడు మెస్సులో చల్లారిన రాజ్మా తింటూ బిర్యానీ పుట్టుపూర్వోత్తరాలు బట్టీ పడతాడు. ఈ బట్టీ సరిగ్గా పట్టిందో లేదో చూడటానికి కోచింగ్ సెంటర్లలో ఉత్తుత్తి ఇంటర్వ్యూలు కూడా చేస్తారు. మా సెంటర్లో ఆ పని చేసే సార్ ఢిల్లీ మనిషి, ఎవరినీ మెచ్చుకోని మనిషి.

"ఇటీవల చదివిన నవల?" అన్నాడు.

"లైట్‌హౌస్ హత్య నవల సార్."

"ఎలా ఉంది?"

"చాలా బాగుంది సార్."

"ఎందుకు బాగుంది?"

"అంటే... బాగా రాశారు సార్."

"హంతకుడెవరు?"

ఆ సంగతి నేను కూడా ఎవరినైనా అడుగుదామనుకుంటున్నాను.

సార్ కళ్ళజోడు తీశాడు. "బేటా, అభిప్రాయం చెప్పమంటే వాతావరణ వార్తలు చదువుతున్నావు. తుమ్ హాబీ మే హీ డూబోగే" అన్నాడు. హాబీలోనే మునుగుతావు పో అని దాని సారాంశం.

అప్పుడు నాకు సరిత గుర్తొచ్చింది. సరితది సిద్దిపేట, నాది తణుకు. ఒకే ఏడు ఢిల్లీ వచ్చి, ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చుని, ఒకే పరీక్ష కలిసి తప్పిన స్నేహం మాది. తర్వాత ఆమె ఢిల్లీలోనే ఇంకో మూల, కటవారియా సరాయ్‌లో గది తీసుకుంది. ఆమె ఫారంలోనూ హాబీ నవలలే. కాకపోతే ఆమె నిజంగా చదువుతుంది. బస్సులో నిలబడి చదువుతుంది, అన్నం తింటూ చదువుతుంది, కూర అడుగంటినా చదువుతుంది. సరితకు అది ఆఖరి అటెంప్ట్. వయసు దాటిపోతోంది, మళ్ళీ రాయడానికి లేదు. నాకు ఇంకొకటి మిగిలి ఉంది. మిగతా కథంతా మర్చిపోయినా ఈ సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

ఫోన్ చేశాను. "సరితా, ఈ మధ్య చదివిన నవలలు ఎలా ఉన్నాయో కాస్త చెప్పవా?"

"నువ్వే చదువరాదు? పుస్తకాలు నేనిస్త."

"చదువుతాను. ముందు నువ్వు చెప్తే కాస్త ఆసక్తి పుడుతుంది కదా."

"అచ్ఛా! ఇంటర్వ్యూ ముంగట గిప్పుడు పుడ్తదా ఆసక్తి?" అని నవ్వింది. "సరే తియ్. లైబ్రరీకి నడుసుకుంట పోయేటప్పుడు వాయిస్ మెసేజ్ పెడ్త, విను."

పెట్టింది. అవి వింటుంటే నేను చదివినవీ ఆమె చదివినవీ ఒకే నవలలేనా అని అనుమానమొచ్చింది. "హంతకుడెవడో నాకు రెండో అధ్యాయంలనే తెల్సింది. ఆ పుస్తకం మొత్తంల మంచిగ మాట్లాడేటోడు వాడొక్కడే" అంది. వాన నవల గురించి "వాన బంద్ అయినంక వాళ్ళకు మాట్లాడుకోనీకి ఏం లేదు, అందుకే రచయిత బంద్ కానియ్యలే" అంది. మూడోది ఆ రోజుల్లో మెట్రోలో ఎవరి చేతిలో చూసినా కనిపించిన నవల. కాన్పూర్‌లో మిఠాయి దుకాణం నడిపే అక్కచెల్లెళ్ళ కథ. దాని గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతు మారింది.

"ఆ పుస్తకమంత అక్కచెల్లెండ్లు మిఠాయిలు చేస్తనే ఉంటరు. అమ్ముతరు, పంచుతరు, కొట్లాడుతరు. ఒక్కలు గూడ తినరు. మల్ల తిప్పి చూసిన, ఏడ తిన్నట్టు రాయలే. ఆఖరి పేజీల పెద్దక్క దుకాణం మూసేసి ఒక్క లడ్డు నోట్లె వేస్కుంటది. గంతే, అయిపోయింది. నేను బస్సులనే ఏడ్చిన. మా అమ్మ యాదికొచ్చింది. పండుగకు ఇంటిల్లిపాదికి పోలెలు చేస్తది. ఆమె తినంగ నేను ఎన్నడు చూడలే. తిన్నవా అమ్మా అని అడగాలని గూడ తోచలే నాకు." తర్వాత చిన్న నిట్టూర్పు, వెనకాల బస్సు హారన్.

మీరైతే ఏం చేసేవారు? ఆ పుస్తకం తెచ్చుకుని చదివేవారు. నేను పుస్తకం కొన్నాను, పైనున్న ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. మెట్రోలో అటూ ఇటూ తిరుగుతూ ఆ మెసేజ్‌నే విని విని, నిట్టూర్పుతో సహా కంఠస్థం చేశాను. హారన్ ఒక్కటే వదిలేశాను. సరిత వాళ్ళమ్మ కాస్తా మా అమ్మ అయిపోయింది. పోలెలు మా వైపు బొబ్బట్లు గనక, ఆ మాట మార్చాను. మొత్తం వ్యవహారంలో నా సొంత కృషి అంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

మళ్ళీ సార్ దగ్గరికి వెళ్ళి అప్పజెప్పాను. ఆ ఎవరినీ మెచ్చుకోని మనిషి కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. "శాబాష్ బేటా" అన్నాడు. నాకు గర్వంతో ఒళ్ళు పొంగిపోయింది. సిగ్గుపడాలన్న సంగతి ఆ పొంగులో కొట్టుకుపోయింది.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. ఇద్దరికీ ఒకటే పూట. ఎవరు ఏ బోర్డు ముందు కూర్చోవాలో అక్కడికి వెళ్ళాకే చెప్తారు. వెళ్ళాం, చెప్పారు.

"ఒక్కటే బోర్డు మనకు! నీ ఎనుకనే నేను" అంది సరిత సంబరంగా.

"నవల గురించి అడిగితే నువ్వు ఏది చెప్తావు?" అన్నాను.

"మిఠాయి దుకాణం నవలనే. ఇంకేంది? నువ్వో?"

"నేను... హత్య నవల."

"మంచిగుంటది. పరేషాన్ కాకు" అని, వంకరగా ఉన్న నా టైని తనే సర్దింది.

ఆ క్షణంలో చెప్పేయొచ్చు. "నీ మాటలు నేను బట్టీ పట్టాను, కోప్పడకు, నువ్వు ఇంకో పుస్తకం చూసుకో" అంటే సరిపోయేది. నోరు తెరిచాను, అంతలో నా పేరు పిలిచారు అని రాయాలనుంది. కానీ పిలవలేదు. బోలెడంత సేపు కూర్చున్నాం. ఆ సమయమంతా మంచినీళ్ళు తాగడానికి వాడుకున్నాను.

లోపల అయిదుగురు. ఛైర్మన్ పెద్దాయన, పక్కన ఒక మేడమ్. ఎకానమీ గురించి అడిగారు, ఏదో చెప్పాను. సరిహద్దుల గురించి అడిగారు, ఇంకేదో చెప్పాను. చివరికి మేడమ్ నా హాబీ దగ్గర ఆగింది. మాటకు కట్టుబడి హత్య నవలే చెప్పాను. మంచిగా మాట్లాడేవాడే హంతకుడన్నాను. ఛైర్మన్ మీసాల చాటున సగం నవ్వు నవ్వాడు.

"ఇంకేమైనా చదివారా?" అంది మేడమ్.

వాన నవల సిద్ధంగా ఉంది. అది చెప్పి, మర్యాదగా లేచి వచ్చేస్తే ఈ కథే లేదు. కానీ సార్ కళ్ళు తుడుచుకున్న దృశ్యం నా కళ్ళలో మెదిలింది. ఆ సగం నవ్వును పూర్తి చేయాలన్న దుర్బుద్ధి పుట్టింది. నోరు దానంతటదే తెరుచుకుంది. మిఠాయి దుకాణం, పెద్దక్క, లడ్డు, ఏడుపు, అమ్మ, బొబ్బట్లు, నిట్టూర్పు. ఒక్కటీ తప్పిపోలేదు.

మేడమ్ పెన్ను ఆపేసింది. "ఈ మాట మీ అమ్మగారితో చెప్పారా?" అంది మెల్లగా.

"ధైర్యం చాలలేదు మేడమ్" అన్నాను. అది మాత్రం అప్పటికప్పుడు సొంతంగా కల్పించాను. గాల్లో తేలుతూ బయటికొచ్చాను. అప్పటికే సరితను లోపలికి పిలిచేశారు.

గేటు బయట నిమ్మరసం బండి దగ్గర నిలబడ్డాను. వెళ్ళిపోదామనుకుంటూనే ఒక గ్లాసు తాగి, ఇంకొకటి చెప్పాను. సరిత వచ్చింది. నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"లోపల ఏం చెప్పినవ్?"

"హత్య నవల..."

"ఇంకేం చెప్పినవ్?"

నేను రోడ్డు మీద పోయే ఆటోలు చూస్తున్నాను.

"నేను పోలెల ముచ్చట ఎత్తంగనే మేడమ్ పెన్ను కింద పెట్టింది. ఆ పెద్దాయన ఏమన్నడో తెల్సా? 'మీ తెలుగు అమ్మలు ఎవ్వరూ మిఠాయి తినరా? లేకపోతే కోచింగ్‌ల అందరికీ ఒక్కటే అమ్మను ఇస్తరా?' అన్నడు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఏం జెయ్యాలె మరి? నవ్వకుంటే బాగుండదని నవ్విన."

"నీదేనని చెప్పాల్సింది..."

"చెప్తే నమ్ముతరా? ముందు చెప్పింది నువ్వు. సొంతం నీదైంది, కాపీ నాదైంది."

"సారీ సరితా."

"మా అమ్మ నోట్స్ కాదుర" అంది. బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఫలితాలొచ్చాయి. నా పేరు లేదు. దొంగసొత్తుతో కూడా గట్టెక్కలేని మేధావిని. ఆమె పేరూ లేదు. మార్కులు బయటపెట్టినప్పుడు చూస్తే, రాతపరీక్షలో నాకన్నా ఎంతో ముందుంది, ఇంటర్వ్యూ దగ్గర కింద పడింది. ఆ అంకెలు మీకు చెప్పను, చెప్పడానికి నాకు నోరు రాదు.

సరిత కటవారియా సరాయ్ గది ఖాళీ చేస్తోందని తెలిసి వెళ్ళాను. నోయిడాలో ఏదో ఆఫీసులో ఉద్యోగం దొరికిందట. పెట్టెలు కట్టుకుంటోంది. సాయం చేయబోతే వద్దంది. పుస్తకాల అట్టపెట్టెలోంచి మిఠాయి నవల తీసి నా చేతిలో పెట్టింది.

"తీస్కపో. ఆఖరి పేజీ దాక చదువు. చదివి నీకేమనిపించిందో చెప్పు. నాది కాదు, నీది. అప్పటిదాక ఫోన్ చెయ్యకు."

చదివాను. నా జీవితంలో పూర్తిగా చదివిన మొదటి నవల అదే. దిండు కింద పెట్టలేదు, పేజీలు దాటెయ్యలేదు. చదివాక ఫోన్ చేసి, ఆమె ఆఫీసు వదిలే వేళకు నోయిడా మెట్రో స్టేషన్ దగ్గర కలిశాను.

"చదివాను."

"ఎట్లుంది?"

"నచ్చలేదు."

మెట్లెక్కబోతున్నది ఆగింది. "ఎందుకు?"

"మిఠాయి చేసేవాళ్ళు రుచి చూడకుండా ఉంటారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. మా అమ్మ బొబ్బట్లు చేస్తే మొదటిది పెనం దగ్గరే నిలబడి, ఊదుకుంటూ తినేస్తుంది. తీపి సరిపోయిందో లేదో చూడాలి కదరా అంటుంది. రెండోది కూడా అందుకే తింటుంది. మూడోదానికి కారణం చెప్పదు. ఆ పెద్దక్క స్థానంలో మా అమ్మే ఉంటే మొదటి పేజీలోనే లడ్డు తినేసేది. నవల అక్కడితో అయిపోయేది."

సరిత నవ్వింది. మెట్ల మీద జనం తిరిగి చూసేలా, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. హమ్మయ్య, క్షమించింది అనుకుని నేనూ నవ్వబోయాను. అప్పటికే ఆమె నవ్వు ఆగిపోయింది.

"గింత మంచి మాట నీ దగ్గర్నే ఉండె" అంది. "గిదే అక్కడ చెప్పి ఉంటే నీకూ ఉద్యోగం వస్తుండె, నాకూ వస్తుండె."

పుస్తకం తిరిగి ఇవ్వబోయాను. తీసుకోలేదు. "నాకెందుకు? ఏ నవల తెరిచినా ఆ ఇంటర్వ్యూ రూంల నవ్విందే ఇనబడ్తున్నది. చదువుడు బంద్ వెట్టిన" అని, కార్డు తాకించి లోపలికి వెళ్ళిపోయింది.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చదవని పుస్తకానికి ఇకమీదట కన్నీళ్ళు కార్చను. నిద్ర పడితే నిద్ర పట్టిందనే చెప్తాను. ఎంత పెద్ద బోర్డు ముందు కూర్చోబెట్టినా, కడుపునిండా తినే మా అమ్మను పస్తు పెట్టను, ఇంకొకరి అమ్మను ఎత్తుకురాను.

ఇదంతా రాసి ముందుగా సరితకే పంపాను. ఆమె ఇంకా చదవలేదు.