అత్త ముందు అడిగిన ప్రశ్న

అమ్మకు పామంటే భయం లేదు, మా వీధి కుక్కల గుంపంటే అసలే లేదు. ఎక్స్‌రే అన్న మాట చెవిన పడితే మాత్రం చేతిలో పని ఆగిపోయేది. అలాంటి ఇంట్లో పుట్టి, పీయూసీ పాసయ్యాక నేను ఎక్స్‌రే చదువే చదువుతానన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ గుణం నాకు అమ్మ నుంచే వచ్చింది కాబట్టి ఆ వేసవంతా మా ఇంట్లో పోరు తప్పలేదు.

మేం కన్నడనాట కాడుగోడిలో పాతకాపులం, ఇంట్లో మాత్రం తెలుగే. తాతల నాడు మగ్గాలుండేవట. ఇప్పుడు మిగిలింది అమ్మ చేతిలోని సూదీ దారమే. చీరలకు ఫాల్ కుడుతుంది, కొంగులకు కుచ్చులు కడుతుంది. నాన్న బ్రూక్‌ఫీల్డ్ ఆఫీసులకు ఉద్యోగులను చేరవేసే వ్యాను నడుపుతాడు. ఏ పెద్ద విషయం వచ్చినా "మీయమ్మ ఏమంటే అది" అని తాళాలు తీసుకుని వ్యాను దగ్గరికి వెళ్ళిపోతాడు.

కాలేజీవాళ్ళు అడిగినవి పెద్దగా ఎక్కువేం కావు. పీయూసీలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం ఉండాలి. ఒంట్లో ఏ జబ్బూ లేదని డాక్టరు రాసివ్వాలి. కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలో, ఎక్స్‌రే విభాగంలో ఒక రోజంతా నిలబడి పని చూడాలి. ఆ సాయంత్రం ఇంటర్వ్యూ. అన్నిటికన్నా చివర, కిరణాల మధ్య పని చేయడానికి మా అమ్మాయిని పంపడం మాకు సమ్మతమే అని తల్లి గానీ తండ్రి గానీ సంతకం పెట్టాలి. మిగతావన్నీ నా చేతిలో ఉన్నాయి. ఆ సంతకం ఒక్కటే అమ్మ చేతిలో ఉంది.

"వద్దప్పా ఆ చదువు. నర్సు పని నేర్చుకో, బ్యాంకు పరీక్షలు రాయి, ఏమన్నా చెయ్. ఆ గదిలోకి మాత్రం పోవద్దు" అనేది.

"ఏమిటికి వద్దో చెప్పమ్మా."

"చెప్పేదేముండాది? వద్దంటే వద్దు."

పక్కింటావిడ ఊరుకుంటుందా. ఆ పని చేసేవాళ్ళకు జుట్టు ఊడిపోతుందనీ, పెళ్ళయితే పిల్లలు పుట్టరనీ గుమ్మంలో నిలబడి నాకు వినిపించేలా చెప్పింది. పైకి నవ్వాను గానీ, ఆ రాత్రి దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను చూసి నాకూ భయమేసింది. ఇంకా ఆ గది గడప కూడా తొక్కలేదు, అప్పుడే ఊడుతున్నాయి!

చివరికి అమ్మ ఒక మాటకు ఒప్పుకుంది. ఆ ఒక్క రోజుకు తనూ నాతో వస్తుంది. ఆ పని ఏమిటో బయట కూర్చుని చూస్తుంది. చూశాక మనసొప్పితే సంతకం, లేకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. నేను సరేనన్నాను. ఎక్కడ పొరపాటు చేసినా ఇంటర్వ్యూలో సీటు పోతుంది. పొరపాటు చేయకపోయినా అమ్మ దగ్గర పోవచ్చు. ఆ లెక్క వేసుకుంటూనే బయల్దేరాను.

ఆ విభాగానికి పెద్ద ఒక మేడమ్, సాయంత్రం ఇంటర్వ్యూ చేసేదీ ఆమే. కళ్ళజోడు, నూనె రాసి బిగించిన జడ, చిన్న గొంతు. కన్నడంలో మాట్లాడేది. గోడ మీద ఆ కోర్సు ఉద్దేశాలు అచ్చువేసి అంటించారు. వీలైనంత తక్కువ కిరణాలతో స్పష్టమైన చిత్రం తీయడం, రోగి భద్రతనూ మర్యాదనూ కాపాడటం, ఇంకా అలాంటివి. ఇంటర్వ్యూలో అవే అడుగుతారని ఎవరో చెప్తే కాలేజీవాళ్ళిచ్చిన పుస్తకంలో చూసి ముందే ఇంటి దగ్గర బట్టీపట్టాను. ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పచెప్పగలను.

గది మాత్రం నన్ను బెదరగొట్టింది. తలుపు బీరువా తలుపంత బరువుగా ఉంది. అది మూసుకోగానే బయట ఎర్ర దీపం వెలుగుతుంది. లోపల రోగి ఒక్కడే. మేం గాజు పలక వెనక. చిన్న కూత లాంటి శబ్దం, అంతే, అయిపోతుంది. వెలుగు లేదు, వేడి లేదు, వాసన లేదు. కనబడేదైతే పక్కకు తప్పుకోవచ్చు, ఇది కనబడదు కాబట్టే నాకు ఎక్కువ భయమేసింది. ఆ కూత విన్నప్పుడల్లా గాజు పలక నుంచి ఒక అడుగు వెనక్కి వేసేదాన్ని.

మధ్యాహ్నం ముందు ఒక అత్తా కోడలూ వచ్చారు. చింతామణి వైపు వాళ్ళు, తెలుగువాళ్ళు. కోడలికి నా వయసే ఉంటుంది, మెడలో పసుపుతాడు ఇంకా కొత్తది. స్కూటరు మీంచి పడిందట, నడుం దగ్గర ఎక్స్‌రే తీయమని డాక్టరు రాశాడు. మేడమ్ నన్ను పిలిచింది.

"నీ భాషే కదా, నువ్వే అడుగు. కడుపుతో ఉందా, ఆఖరి నెలసరి ఎప్పుడు. రెండూ అడగాలి."

అడిగాను. అత్త పక్కనే కూర్చుని ఉంది. చీటీలు చూసే మగ ఉద్యోగి అక్కడే బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. "మీరు గర్భవతా?" అన్నాను పాఠం అప్పచెప్పినట్టు. ఆ పిల్ల ముందు అత్త వైపు చూసి, తర్వాత నేల వైపు చూసి "లేదు" అంది. రెండో ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. మా ఇళ్ళల్లో ఆ మాట ఆడవాళ్ళ మధ్య కూడా గొంతు తగ్గించి అంటారు. అంతమంది ముందు నా నోరు పెగల్లేదు. వెనక్కి తిరిగి "లేదంట మేడమ్" అన్నాను.

బట్టలు మార్చుకునే గదిలో ఆసుపత్రి గౌను తాళ్ళు వెనక నుంచి కడుతుంటే ఆ పిల్ల తల తిప్పకుండా అడిగింది. "అక్కా, ఈ కిరణాలు కడుపు దాకా పోతాయా?"

నా చేతులు ఆగిపోయాయి. "ఏమిటికి అడుగుతాండావు?" అన్నాను. పొద్దున నుంచీ పుస్తకం భాషలో మాట్లాడాలని చూస్తున్న నాకు ఆ క్షణంలో ఇంటి మాటే వచ్చింది.

"ఆఖరిసారి బయట చేరి రెండు నెల్లు దాటింది. మాయత్తకి చెప్పొద్దక్కా, నీకి దండం పెడతా. పోయినసారి మూడు నెల్లు నిండకముందే ఊరంతా చెప్పినారు. నిలవలేదు. దిష్టి తగిలిందన్నారు. ఈసారి ఆయనకి కూడా చెప్పలేదు." నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది.

ఆ మూడు నెలల సంగతి నాకు తెలియనిదా! మా ఇళ్ళల్లోనూ అంతే. మూడో నెల నిండేదాకా కడుపు మాట బయటికి రాదు. అడిగితే లేదనే చెప్తారు. అది అబద్ధమని ఎవరూ అనుకోరు, కాపుదల అనుకుంటారు. అంతా తెలిసి కూడా నేను వెళ్ళి అత్త ముందు నిలబెట్టి అడిగాను. ఇంకే జవాబు వస్తుంది?

ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. చెప్తే, నేను సరిగా అడగలేదని బయటపడుతుంది, సీటు పోతుంది. పైగా మేడమ్ ఎవరి ముందైనా నోరు జారితే ఆ పిల్ల గుట్టు రట్టవుతుంది. చెప్పకపోతే ఆ కూత వినబడుతుంది. లోపల మేడమ్ బల్ల మీద దుప్పటి సర్దుతోంది. ఆ పిల్ల పట్టు విడిపించుకుని వెళ్ళి, మేడమ్ చెవి దగ్గర కన్నడంలో చెప్పేశాను. రెండో ప్రశ్న అడగలేదనీ చెప్పాను.

మేడమ్ దుప్పటి వదిలేసింది. ఆ పిల్లను లోపలే కూర్చోబెట్టి, తలుపు వేసి, తనే వచ్చీరాని తెలుగులో మెల్లగా మాట్లాడింది. తర్వాత బయటికొచ్చి అత్తతో, ఈ ఫోటో ఇప్పుడు వద్దు, డాక్టరు ఇంకోసారి చేత్తో చూసి మందిస్తారు అని చెప్పమంది. అందులో అబద్ధం లేదు. అత్త ఊరుకోలేదు.

"పొద్దట్నుంచి సుమ్నే ఊరికే కూర్చోబెట్టి ఇప్పుడు వద్దంటారా? ఏం చెప్పింది మా పిల్ల మీకు?"

"ఏమీ చెప్పలేదు పెద్దమ్మా" అన్నాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కోడలు తలొంచుకుని నడిచి వెళ్ళింది. బెంచీ మీద కూర్చున్న అమ్మ ఆ పిల్లనే చూస్తోంది, ఒళ్ళో చేతులు గట్టిగా పట్టుకుని. అమ్మ ముఖం పాలిపోయి ఉంది. సంతకం సంగతి ఇక మరిచిపోవచ్చు అనుకున్నాను.

సాయంత్రం ఇంటర్వ్యూలో గోడ మీది ఉద్దేశాలు అడుగుతారనుకున్నాను. అడగలేదు.

"రెండోది ఎందుకు అడగలేదు?" అంది మేడమ్.

"సిగ్గేసింది మేడమ్."

"సిగ్గు నీది. కిరణాలు తగిలేది ఆ పిల్లకు. ఇకమీదట ప్రతి ఆడమనిషినీ ఒంటరిగా, వాళ్ళింట్లో వాడే మాటతో అడగాలి." కాసేపు కాగితాలు తిరగేసింది. "తప్పు దాచుకోలేదు కాబట్టి తీసుకుంటున్నాను. సంతకంతో సోమవారం రా."

సంతోషించాలి కదా. నాకు ఏడుపొచ్చింది. నేను చెప్పడానికి ఇంకొంచెం ఆలస్యం చేసి ఉంటే ఏమయ్యేదో అని.

బస్సెక్కాం. అమ్మ కిటికీ పక్కన కూర్చుని ట్రాఫిక్‌ను చూస్తోంది. తర్వాత నెమ్మదిగా అంది.

"ఆ పిల్ల కడుపుతో ఉండాది గదా."

ఉలిక్కిపడ్డాను. "నీకెట్లా తెలుసు?"

"దాని మొగం చూసినా. నేనూ ఒకనాడు అట్లే కూర్చోనింటి." నా వైపు తిరగలేదు. "బాత్రూములో జారిపడితే మీ అవ్వ, అదే మాయత్త, ఆసుపత్రికి పిలుచుకోని పోయింది. నడుముకి ఎక్స్‌రే తీసినారు. నన్ను ఎవురూ అడగలేదు. రోజులు తప్పినాయని నాకి అనుమానమే. మీ అవ్వ పక్కనే ఉన్నింది, మూడు నెల్లు నిండకుండా నోరు తెరిచి ఎట్లా చెప్పేది? పండుకోమన్నారు, పండుకున్నా. వారం పోయినాక తేలింది."

"అప్పుడు..."

"నువ్వే."

బస్సు హారను కొడుతోంది. అమ్మ ఆగకుండా చెప్పుకుంటూ పోయింది. "నువ్వు పుడుతూనే వేళ్ళు లెక్కబెట్టినా. నడక ఆలస్యమైతే దానివల్లే అనుకుంటి. నీకి ఎప్పుడు జ్వరమొచ్చినా నా చేతులారా చేసిందే అనుకుంటి. మీ నాయనకి కూడా చెప్పలేదు. ఎవుర్నడిగితే ఏం చెప్తారో అని భయం."

నేను నా చేతులు చూసుకున్నాను. పొద్దున నుంచి ఆ పిల్ల కడుపులో ఉన్న బిడ్డ గురించి పడ్డ భయమంతా తిరిగొచ్చి నా ఒంట్లోనే కూర్చుంది. చిన్నప్పుడు నా నుదుటి మీద అమ్మ చేయి పెట్టి, తీయకుండా ఉంచేసిన రాత్రులన్నీ ఇందుకేనా?

"సంతకం పెడతా" అంది అమ్మ. "నువ్వు అదంతా చదువు. చదివి నీకేమన్నా అయితాదో కాదో నాకి చెప్పు. ఏదుంటే అదే చెప్పు."

రెండో సంవత్సరంలో ఆ పాఠం వచ్చింది. తరగతిలో అందరూ రాసుకుంటుంటే నేను పెన్ను పక్కన పెట్టి ప్రతి మాటా విన్నాను. పాఠం అయ్యాక మేడమ్‌ను వేరుగా అడిగాను, పుస్తకంలో మళ్ళీ చూశాను, ఇంకో పుస్తకంలోనూ చూశాను. ఇంటికి వచ్చేసరికి అమ్మ ఎవరిదో పట్టుచీరకు కుచ్చులు కడుతోంది.

"అమ్మా, నడుముకు తీసే ఒకట్రెండు ఎక్స్‌రేలతో కడుపులో బిడ్డకు తగిలేది చాలా తక్కువ. దాంతో అవిటితనం రాదు, నడక ఆలస్యం కాదు. ముందు జాగ్రత్త కోసమే అందర్నీ అడుగుతాం. నాకేమీ కాలేదు."

సూది ఆగింది. "చదివి చెప్తాండావా, నాకోసం చెప్తాండావా?"

పుస్తకం తెరిచి ఆ పేజీ ఆమె ఒళ్ళో, పట్టుచీర మీదే పెట్టాను. అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా పై వరుస నుంచి కింది వరుస దాకా వేలు పెట్టి చూసింది. పేజీ అడుగుకు వచ్చాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.