కవరు మీద పసుపు

పొద్దున్నే మగ్గం ఎక్కబోతుంటే పాలమూరు నుంచి ఫోను. మా వకీలు సార్ పోయారు. రెండు రోజులయిందట, దహనం కూడా అయిపోయిందట. నాకెవరూ చెప్పలేదని ముందు కోపం వచ్చింది, తర్వాతే ఏడుపు. అయినా నేను ఆయనకు ఏమవుతానని చెప్తారు? నారాయణపేటలో ఒక చిన్న చేనేత సంఘానికి కార్యదర్శిని. ఒక్క కేసులో ఆయన కక్షిదారును, అంతే.

ఆ కేసు నేను చేతులారా తెచ్చుకున్నది. తెలంగాణ వచ్చిన కొత్తలో ఒక సర్కారు దవాఖానకు దుప్పట్లు కావాలని టెండరు పిలిచారు. సీలు వేసిన కవరు మీద పేరు గానీ గుర్తు గానీ ఉండకూడదని షరతు. నేను నమూనా గుడ్డ మడిచి, కొత్త బట్ట కదా అని అంచుకు పసుపు పెట్టాను. పసుపు పెట్టని కొత్త బట్ట మా ఇళ్లలో ఒంటి మీదికి రాదు. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను! అదే వేలితో కవరు నాలుగు మూలలా అద్దాను. కవరు మీద గుర్తులున్నందున తిరస్కరించడమైనదని కాగితం వచ్చింది. లోపల మా ధర ఎంతో ఎవరూ చూడనే లేదు. ఆ పని మీద ఆశ పెట్టుకున్న మగ్గాలవాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ కాగితం పట్టుకుని పాలమూరులో సార్ ఇంటికి వెళ్లాను. ఏ కాగితమైనా మొదటిసారి ఆయన కళ్లద్దాలు లేకుండానే చూసేవారు. "ముందుగాల దాని మొఖం చూడాలె బిడ్డా, అక్షరాలు తర్వాత" అనేవారు. నా ఘనకార్యం విని పడిపడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"టెండరు మాకే ఇప్పియ్యాలె సార్" అన్నాను.

"కోర్టు టెండర్లు పంచదు బిడ్డా. మిమ్ముల పక్కకు వెట్టిన తీరు న్యాయమా కాదా, గదొక్కటే చూస్తది. ఇంకొకలు పని షురూ చేసినంక గది గూడ కష్టమే. జల్ది పోవాలె."

హైదరాబాదులో హైకోర్టు వెనక బెంచీ మీద కూర్చున్నాను. కవరు ఎవరిదో తెలియాలనే గుర్తు పెట్టారని అవతలి వకీలు అన్నారట. సార్ లేచి ఇంగ్లీషులో మెల్లగా ఏదో చెప్పారు. ఏమన్నారని బయటికొచ్చాక అడిగాను.

"పసుపు ప్రతి ఇంట్ల ఉంటది, గది ఎవ్వరి పేరు గాదని చెప్పిన. మిమ్ముల ఒక్క మాట అడగకుంటనే ఎట్ల తీసేసిండ్రని అడిగిన."

ఆ కారణం చెల్లదని, మా కవరు కూడా తెరిచి మిగతావాటితో కలిపి చూడాలని తీర్పు వచ్చింది. తెరిచారు. మా ధరే ఎక్కువ. పని వేరేవాళ్లకు పోయింది.

ఫోనులో ఏడ్చేశాను. "గింత తిప్పలవడి ఏం ఫాయిదా సార్?"

"ధర కాడ పోయింది బిడ్డా, నీ పసుపు కాడ గాదు. ఇగ జర కడుపునిండ తిను."

చాలా రోజుల తర్వాత ఆ పూట నిజంగానే తిన్నాను.

ఆ తర్వాత ఏ టెండరు వేసినా ఆ పొద్దున ఆయన ఫోను వచ్చేది. "పసుపు డబ్బా దాచిపెట్టినవా?" అని ఒకటే ఆటపట్టించడం. ఇప్పుడు టెండర్లన్నీ కంప్యూటర్లోనే, అద్దడానికి మూలలే లేవు. అయినా అడిగేవారు. ఆ మాట వినడానికే ముందురోజు కబురు చేసేదాన్ని. ఇక ఎవరికి చేయను?

పన్నెండో రోజున వెళ్లాను. సార్ భార్య లోపలికెళ్లి మా కేసు కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"గిది పాత కాయితాలల్ల ఎయ్యనియ్యలే మీ సారు. హైకోర్టుకు పోయే పొద్దున వంటింట్లకొచ్చి పసుపు డబ్బా అడిగిండు. ఎందుకంటే చెప్పలే."

కట్ట పైనున్న అట్టకు నాలుగు మూలలా వెలిసిపోయిన పసుపు మచ్చలు. ఒకదాని మీద నా వేలు ఆనించి చూశాను. నా వేలు మచ్చలో ఇమిడిపోగా, ఆయన పెద్ద వేలు అద్దిన పసుపు చుట్టూ ఇంకా కొంచెం మిగిలింది.