తూటాల్లేని రోజున వినిపించిన కేక

దయ్యాల కథలు మా ఇంట్లో చెల్లేవి కావు. మాది ఆదివారం తప్పకుండా చర్చికి పోయే కుటుంబం. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర నిద్రపోతుంటారని మా నాయన నమ్మకం. చనిపోయినవాళ్లు చనిపోయినట్టేనని నా నమ్మకం. పైగా నేను చదివింది గనుల ఇంజనీరింగు, అందులోనూ గని భద్రత. కప్పు ఎందుకు కూలుతుంది, తూటా ఎందుకు పేలదు, అన్నిటికీ కారణం రాసి మార్కులు తెచ్చుకునే చదువు. అలాంటివాడు ఇది రాస్తున్నాడేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఆ నవ్వులు నాకు కొత్త కాదు.

యాభైల చివరి సంగతి. మా మేనమామ దావీదు పులివెందుల వైపు ఒక ముగ్గురాయి గనిలో కేక వేసే మనిషి. రాతిలో మందు కూరి బిగించిన తూటాలు ముట్టించే ముందు ఎర్రగుడ్డ పట్టుకుని సొరంగమంతా తిరిగి, "రాండప్పో... బయటికి రాండీ... తూటా ముట్టిస్తాండారు!" అని అరవాలి. ఆ అరుపు చివర ఎప్పుడూ దగ్గు వచ్చేది. ఏళ్ల తరబడి రాతిదుమ్ము మింగినవాడికి దగ్గు రాక పాట వస్తుందా?

ఆ గనిలో ఒక దిక్కుమాలిన అలవాటు ఉండేది. అందరూ బయటికొచ్చారో లేదో తలలు లెక్కపెట్టేవాళ్లు కాదు. కేక ఆగితే అందరూ వచ్చేసినట్టే లెక్క. ఒకరోజు లోపల ఇంకా ఎవరో ఉన్నట్టు అనుమానమొచ్చి, మామ కేక ఆపి చెవి పెట్టి విన్నాడు. తూటాల దగ్గర నిలబడిన మేస్త్రీ, కేక ఆగింది కదా అని వత్తి ముట్టించి ఇంకో దారిన బయటపడ్డాడు. మామ వెతుకుతున్న మనిషి కూడా ఎలాగో బయటపడ్డాడు. ఈ సంగతంతా నాకు చెప్పింది అతనే. మామ మాత్రం రాలేదు.

విచారణ జరిగింది. "హెచ్చరిక కేక విని కూడా మృతుడు బయటికి రాలేదు" అని తేల్చారు. ఆ కేక వేసింది మృతుడేనని ఒక్కడూ నోరు విప్పలేదు. మామ వెతికిన ఆ మనిషి కూడా, పని పోతుందని, నోరు మెదపలేదు.

అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను. భద్రత పాఠం చెప్పే మాస్టారు మొదలుపెట్టడమే, ప్రమాదాలకు మూలం కూలీల అజాగ్రత్త అని మొదలుపెట్టేవాడు. ఆ మాట రాసుకుంటుంటే ఒళ్లు మండేది. అయినా రాసుకున్నాను. రాయకపోతే డిగ్రీ రాదు.

మా అత్త రత్నమ్మ పరిస్థితి ఇంకా ఘోరం. ఆడవాళ్లను సొరంగంలోకి రానివ్వరు కాబట్టి ఆమె గని ముఖద్వారం దగ్గర కూర్చుని ముగ్గురాయి కొట్టి గంపల్లోకి ఏరేది. విచారణ మాట ఊళ్లోకి పాకి, కేక విని కూడా రాలేదంటే పెళ్లాం పోరు పడలేకే లోపల ఉండిపోయాడు అనే దాకా పోయింది. పక్కన రాయి కొట్టే ఆడవాళ్లే ఆ మాట ఆమె ముఖం మీద అనేవాళ్లు.

చివరి సంవత్సరం శిక్షణకు నేను కోరి ఆ గనికే పోయాను. శిక్షణ అయ్యాక రాసే నివేదికను గనుల అధికారులు కూడా చూసేవారు. మామ చావు సంగతి ఉన్నదున్నట్టు అందులో రాసి, ఆ విచారణ మాట కొట్టేయిస్తానని అత్తకు మాటిచ్చాను.

ఒకరోజు మధ్యాహ్నం నేను, ముగ్గురు కూలీలు లోపలి మలుపులో ఉన్నాం. ఆ రోజు తూటాలు లేవు. పేలుడు మందు అయిపోయింది. మామ స్థానంలో కేక వేస్తున్న మనిషి దాని కోసమే పులివెందులకు పోయాడు. నేను కప్పు కొలతలు తీసుకుంటున్నాను. గడ్డపారతో తట్టి చూశాను, బీటలేమీ లేనట్టు గట్టిగానే పలికింది.

అప్పుడు వినిపించింది. "రాండప్పో... బయటికి రాండీ..." చివర దగ్గు.

నేను ఏమీ ఆలోచించలేదు. కాళ్లే పరుగెత్తాయి. నా ముందు ఆ ముగ్గురూ పరుగెత్తుతున్నారు. మేము గని ముఖద్వారం దాటీ దాటకముందే మేమున్న మలుపులో కప్పు మొత్తం కూలింది. దుమ్ము మమ్మల్ని దాటుకుని బయటికొచ్చింది.

కూలీల్లో పెద్దాయన నేల మీద కూలబడి, "దావీదన్న పిల్చె కదప్పా" అన్నాడు. మిగతా ఇద్దరూ తలూపారు. ఆ గొంతు ఎవరిదో నేను అప్పటికింకా ఎత్తనే లేదు.

మేనేజరు పిలిచి, పని వదిలి ఎందుకొచ్చారని అడిగాడు. కప్పులో బీట చూశానని చెప్పి ఉంటే సరిపోయేది, నా చదువుకు మెచ్చుకునేవాడు కూడా. నేను విన్నది విన్నట్టు చెప్పాను. ఆయన నవ్వాడు. మేనమామ పోయిన దిగులుతో ఈ విద్యార్థికి మతి స్థిమితం తప్పిందని కాలేజీకి రాసి పంపాడు. దాంతో నా నివేదిక పిచ్చివాడి రాత అయిపోయింది. మామ గురించి నేను రాసిన ప్రతి ముక్కా చెత్తబుట్టలోకే పోయింది. డిగ్రీ మాత్రం ఇచ్చారు, వేరేచోట మళ్లీ శిక్షణ చేయించి.

ఇదంతా ఒక ఎత్తు. అత్త దగ్గరికి పోయి చెప్పడం ఇంకో ఎత్తు. ఆమె సంతోషపడుతుందనుకున్నాను. మామ పిలిచాడత్తా, మమ్మల్ని కాపాడినాడు అన్నాను.

ఆమె సుత్తి పక్కన పెట్టి నన్నే చూసింది. కప్పు కూలిన ఆ మధ్యాహ్నం కూడా ఆమె ఎప్పటిలాగే గని ముఖద్వారం దగ్గరే కూర్చుని ఉంది. లోపల ఎవరైనా దగ్గినా అక్కడికి వినపడుతుంది. ఆమెకు గానీ, పక్కనున్న ఆడవాళ్లకు గానీ ఏ కేకా వినపడలేదు. కప్పు కూలిన చప్పుడే విన్నారు.

"వాండ్లు రాసిందీ అబద్ధమే, నువ్వు చెప్పేదీ అబద్ధమే," అంది. "ఆ గొంతు కోసం దినామూ ఈడనే చెవులొగ్గి కూసుంటాండా. వాడు నా మొగుడు రా. పిల్చింటే నాకు వినపడకుండా పోతాదా?"

ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు, చనిపోయే దాకా. లోపలున్న నలుగురం విన్న కేక ముఖద్వారం దగ్గరున్న ఆమె చెవిన ఎందుకు పడలేదో అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పటికీ చెప్పలేను.