పురుగు లేవని రోజుకు ఎర

ట్రౌట్ చేపను నేను ఈ రోజుకీ చూడలేదు. కానీ అది ఏ కాలంలో ఏం తింటుందో, ఏటి అడుగున ఏ రాయి కింద ఏ పురుగు పాకుతుందో ఒకప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ చదువంతా నాకు అబ్బింది ఏ కొండల్లోనో కాదు. అమీర్‌పేట నుంచి బల్కంపేట వైపు వెళ్ళే ఒక సందులో, మూడో అంతస్తు గదిలో అబ్బింది.

జువాలజీలో డిగ్రీ చేసి, అందరూ వెళ్తున్నారు కదా అని నేనూ గుంటూరు నుంచి జావా నేర్చుకోవడానికి వచ్చాను. సాఫ్ట్‌వేర్ అంటే ఊళ్ళకు ఊళ్ళు వెర్రెత్తిపోతున్న రోజులు. నా ఖర్మకొద్దీ నా కోర్సు అయ్యేసరికి ఉద్యోగాలు ఆగిపోయాయి. బేగంపేట ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా బయోడేటా తీసుకుని అట్టపెట్టెలో పడేసేవాడు. ఆ పెట్టె నిండితే ఎక్కడికి వెళ్తుందో ఒకసారి చూశాను. వెనక సందులో ఇడ్లీ బండికి వెళ్తోంది. పొట్లాలకి.

అలాంటి రోజుల్లో జిరాక్స్ షాపు గోడ మీద చేతిరాత కాగితం ఒకటి కనబడింది. ఇంగ్లీషు చదవగలిగి, పురుగుల గురించి తెలిసిన డిగ్రీ అమ్మాయి కావాలట. అమీర్‌పేట గోడల మీద అన్ని వేల కాగితాల్లో నా డిగ్రీని అడిగింది అదొక్కటే. నవ్వుకుంటూనే వెళ్ళాను.

అక్కడ తయారయ్యేవి దొంగ పురుగులు. చల్లటి దేశాల్లో సరదాకి ట్రౌట్ లాంటి చేపలు పట్టేవాళ్ళు గాలానికి వానపామును గుచ్చరు. కోడిపుంజు మెడ ఈకలు, కుందేలు బొచ్చు, దారం కలిపి గాలం మీదే ఒక పురుగును కట్టి, దాన్ని నీళ్ళ మీదకు విసురుతారు. అలాంటివి కట్టి పైదేశాలకు పంపే చిన్న కార్ఖానా అది. కట్టేవాళ్ళంతా ఒకప్పుడు పెళ్ళి జాకెట్ల మీద జరీ మగ్గం పని చేసినవాళ్ళు. ఆ వేళ్ళకు ఇది పెద్ద లెక్క కాదు. వాళ్ళు వాటిని మక్కీలు అనేవారు, అంటే ఈగలు. కొనేవాళ్ళు పంపే వివరాలను తెలుగులో చెప్పడం, కట్టిన మక్కీలను కొలిచి చూడడం నా పని.

కొనేవాళ్ళు ఒక చిన్న పుస్తకం కూడా పంపారు. అందులో పురుగు లేవని రోజు గురించి ఒక పాఠం ఉంది. ఏట్లో పురుగులు రెక్కలొచ్చి పైకి లేచే పూట చేపలు ఎగబడతాయి. అప్పుడు తేలే మక్కీ చాలు. కానీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఏదీ లేవదు. నీళ్ళు ఖాళీగా పోతుంటాయి. అప్పుడు రాగి తీగ చుట్టిన బరువైన మక్కీని అడుక్కి వదలాలి. అది ఇంకా రెక్కలు రాని పిల్లపురుగు వేషం. రాళ్ళ మధ్య దొర్లుతూ పోతుంది. విసిరినవాడికి చేపా కనబడదు, మక్కీ కనబడదు. దారం ఒక్క క్షణం ఆగినట్టుంటే లాగాలి. అది చేప కావచ్చు, ఎక్కువసార్లు రాయే అవుతుంది.

ఈ పాఠం నేను చదివి వినిపిస్తుంటే అందరికంటే శ్రద్ధగా విన్నది చాచా. కార్ఖానాలో పెద్దాయన, అందరికీ పని నేర్పినాయన.

"పురుగు లేవకపోతే ఇంటికి పోవచ్చు గద బేటా. గా సలినీళ్ళల్ల నిలబడుడెందుకు?"

"చేప ఉందని నమ్మకం చాచా."

"కనవడకపోయినా?"

"కనపడకపోయినా."

"గట్లయితే గీ అమీర్‌పేట పోరగాండ్ల లెక్కనే," అన్నారాయన. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఎక్కడో చురుక్కుమంది.

రెండు నెలల తర్వాత ఆయన కట్టిన గోధుమరంగు మక్కీల్లో ఆకుపచ్చవి కొన్ని కలిశాయి. మర్నాడు మళ్ళీ అంతే. అప్పటినుంచి గమనించాను. ఎడమవైపు పెట్టిన కత్తెర కోసం బల్లంతా తడుముతున్నారు. అందరూ టీకి దిగినప్పుడు మెల్లగా అడిగాను.

"మోతియా బేటా," అన్నారు, ఏదో జలుబు అన్నంత తేలిగ్గా. "మా అమ్మకు సుత అచ్చింది. ఇంకా కచ్చాగుంది. జర పండాలె, పండినంక తీస్తరు. అందాక ఓనర్ సార్‌కు చెప్పకు. కండ్లు మంచిగలేనోన్ని ఎవలు పెట్టుకుంటరు?"

"చెప్పను చాచా," అన్నాను.

మోతియా అంటే శుక్లం. అది బాగా ముదిరాకే తీయాలని మా ఊళ్ళోనూ అనేవారు. డాక్టరు దగ్గరికి వెళ్ళారా అని కూడా నేను అడగలేదు.

ఆ రోజు నుంచి నా తెలివంతా ఆ ఒక్క రహస్యానికే పెట్టాను. చిన్న గాలాల మీద కట్టే తేలే మక్కీలను మిగతావాళ్ళకు పంచి, పురుగు లేవని రోజు మక్కీలన్నీ చాచాకు వేసేదాన్ని. లావుగా ఉంటాయి, చూపు కంటే వేలితోనే ఎక్కువ పని. రాగి తీగ చుట్లను ఆయన గోటితో లెక్కపెట్టేవారు. రంగు దారాలకు వేర్వేరు ముడులు వేసి ఇచ్చాను. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి, ఆయన బల్ల మీద కత్తెర, మైనం, ఈకలు అన్నీ సరిగ్గా ముందు, మధ్యలో పెట్టేదాన్ని. తప్పుగా వచ్చినవి నా సంచీలో వేసుకుని, వాటి బదులు నేను నేర్చుకుని కట్టినవి కలిపేదాన్ని. ఓనరుకు అనుమానం రాలేదు. సందు దాటితే నన్ను అడిగేవాడు లేడు గానీ ఈ గదిలో నేను లేకపోతే ఒక మనిషికి పూట గడవదు. ఆ గర్వం నాకు బాగానే ఎక్కింది. ఉన్నమాట చెప్పాలి కదా.

ఒక సాయంత్రం ఇద్దరం అమీర్‌పేట బస్టాపులో నిలబడ్డాం. అంత దూరం నుంచి వస్తున్న బస్సు బోర్డు ఆయన నాకంటే ముందే చదివారు. చదివి, సంతోషంగా ఒక అడుగు పక్కకు వేసి, అక్కడే ఉన్న జామకాయల బండికి గుద్దుకున్నారు. కాయలన్నీ రోడ్డు మీద దొర్లాయి. బండివాడు తిట్టాడు, మేమిద్దరం ఏరి ఇచ్చాం.

డిగ్రీ చివరి ఏడాది రికార్డు పుస్తకంలో కంటి బొమ్మ గీసింది నేను. శుక్లం అయితే ఎదురుగా ఉన్నదీ మసకగానే కనబడుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంది నేను. ఎదుట ఉన్న బోర్డు చదివి పక్కనున్న బండి చూడని మనిషి నా కళ్ళ ముందు వంగి జామకాయలు ఏరుతుంటే నాకు ఏమీ తట్టలేదు. ఇన్నేళ్ళలో ఆ సాయంత్రాన్ని ఎన్నిసార్లు తలుచుకుని నన్ను నేను తిట్టుకున్నానో చెప్పలేను.

ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ బోనాలకు సందంతా జనం. ఆ వారం ఆయన "నువ్వు ముంగట నడువు బేటా, నీ ఎనక నేనొస్త. భుజాలు తగుల్తున్నయి," అన్నారు. డప్పుల మధ్య నేను దారి చేసుకుంటూ నడిచాను, ఆయన నా సంచీ పట్టీ పట్టుకుని వచ్చారు. అప్పుడు కూడా పెద్దాయనకు సాయం చేస్తున్నానన్న తృప్తే నాకు.

మళ్ళీ ఏడాది ఎండాకాలం వచ్చింది. నాకు ఉద్యోగం రాలేదు. ఒకరోజు చాచా మెట్లెక్కి వస్తూనే నన్ను పక్కకు పిలిచారు. ముఖం వెలిగిపోతోంది.

"పండింది బేటా! ఎడమ కన్ను మొత్తం బందయింది. పొద్దుగాల లేస్తే ఏం కనిపిస్తలేదు. ఇగ తీస్తరు!"

నేనూ సంబరపడ్డాను. ఓనరుకు తలనొప్పని చెప్పి, చాచాను పంజాగుట్టలో ఒక కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. దారిలో ఆయన ఆపరేషన్ అయ్యాక మళ్ళీ తేలే మక్కీలు కడతానని, చిన్న గాలాల మీద పని ఎట్లుంటదో నాకు చూపిస్తానని చెబుతూనే ఉన్నారు.

డాక్టరు చాలాసేపు చూసింది. లైటు వేసి, కంటిలో ఒత్తిడి కొలిచి, మళ్ళీ చూసింది. తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకుని నెమ్మదిగా చెప్పింది. ఇది శుక్లం కాదు, నీటికాసులు. చాచా వాళ్ళ భాషలో కాలా మోతియా, అంటే నల్ల మోతియా. నొప్పి ఉండదు, లోపల ఒత్తిడికి నరం చచ్చిపోతుంది. ముందు పక్కచూపు పోతుంది, చివరికి ఎదుటి చూపు. ఇందులో పండడమంటూ ఏమీ లేదు. పోయింది తిరిగి రాదు. కుడి కన్నులో మిగిలిన కాస్తనూ నిలబెట్టడానికి బతికున్నంతకాలం చుక్కలు వేయాలి.

"ఏడాది కిందట వచ్చినా ఎడమ కన్ను కొంత మిగిలేదండీ," అంది. "పక్కన పెట్టిన వస్తువులు కనబడక పనిలో ఇబ్బంది పడి ఉంటారే. ఎవరూ గమనించలేదా?"

చాచా నావైపు తిరిగారు. నేను ఆయన ఎడమవైపు కూర్చున్నాను కాబట్టి తల మొత్తం తిప్పాల్సి వచ్చింది.

"పనిల ఏం తక్లీఫ్ కాలే మేడం," అన్నారు గర్వంగా. "ఈ బిడ్డ ఉన్నది గద. అన్ని నా చేతికందేటట్టు పెట్టేది. నాకు తెల్వనే తెల్వలే."

డాక్టరు నన్ను చూసింది. చీటీ మీద చుక్కల మందు పేరు రాయడం మొదలుపెట్టింది. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది. ఆ గదిలో నేల చీలితే దిగిపోదామనిపించింది. చేతులారా చేశాను. ఆయన బల్ల మీద తడుముకుని నాలుగుసార్లు అభాసుపాలయి ఉంటే, ఓనరు కేకలేసి ఉంటే, ఆ అవమానంతోనైనా డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు. ఆయన్ని అవమానం నుంచి కాపాడి కన్ను పోగొట్టాను.

బయటికొచ్చాక పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ చప్పుడుకు మాట వినబడడం లేదు. ఆయన నా సంచీ పట్టీ వెతుక్కుని పట్టుకున్నారు. ఏడుపు నాకొస్తోంది, ఓదార్పు ఆయన చెబుతున్నారు.

"ఫికర్ చెయ్యకు బేటా. మునిగే మక్కీలైతే ఇంకా కడత. గా పుస్తకంల ఏముండె, కనవడకపోయినా చేప ఉంటదని. కుడి కన్ను ఉన్నది, వేళ్ళున్నయి. ఒక్కటే మాట, సార్‌కు చెప్పకు."

నా సాయమే ఆ కన్ను పోగొట్టిందని ఆయనకు అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఓనరు సంగతంటారా, చాచా ఇంటి దగ్గర ఇద్దరు తినేవాళ్ళున్నారు, ఆయన చేతిలో ఇంకో పని లేదు, ఓనరుకు తెలిస్తే ఆ సాయంత్రమే ఆఖరు. అవన్నీ నిజాలే. చాచాకు చెప్పడానికి నాకు ధైర్యం లేకపోవడం కూడా నిజమే.

"చెప్పను చాచా," అన్నాను మళ్ళీ.

మర్నాడు పొద్దున ఆయన రాకముందే వెళ్ళి, కత్తెరను బల్ల మధ్య నుంచి కాస్త కుడివైపుకు జరిపి పెట్టాను.