బాలింత గదిలో ఏసీ

మా తిర్మిజ్‌లో జూలై ఎండ గురించి చెప్పుకోవడం దండగ. అలాంటి జూలైలో మా గోడవతల హాసియత్ ఇంట మనవడు పుట్టాడు. బాలింత, బిడ్డ నలభై రోజులు గది దాటకూడదు, గాలి తగలకూడదు. పది రోజులకే పసివాడి మెడ నిండా చెమటకాయలు. పాలు తాగడం తగ్గించాడు. ఏడవడానికైనా ఓపిక లేదు వాడికి.

హాసియత్ వయసంతా రొట్టెల బట్టీ దగ్గర గడిపిన మనిషి. ఏసీ కొంటానంది. అంతే, ఆమె ఆడపడుచు బీబీసోరా అగ్గిమీద గుగ్గిలమైంది.

"బాలింత గదిలో గాలి మిషనా? మతి పోయిందటే నీకు? గాలి సోకితే పిల్లాడు దక్కుతాడా?"

"గాలి సోకి పోయినవాణ్ణి నేను చూళ్లేదు వదినా. ఉడికిపోయినవాణ్ణి చూశాను."

ఆమె మొదటి బిడ్డ ఇలాంటి ఎండల్లోనే, తలుపులన్నీ బిగించిన గదిలో, బొంతల మధ్య పోయాడు. ఆనాడు గది తెరవనివ్వంది ఈ బీబీసోరాయే. గాలి సోకిందన్నారు అందరూ. హాసియత్ నోరు మెదపలేదు. ఇన్నాళ్లకు మెదిపింది, నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది.

బజారుకు నన్నూ లాక్కెళ్లింది. కొట్టువాడు అన్నిటికన్నా పెద్దది అంటగట్టబోయాడు.

"ఇది పెట్టించావంటే ఇంట్లో మంచు కురుస్తుందక్కా!"

"మంచెందుకయ్యా, పిల్లాడికి నిద్ర కావాలి నాకు. మాది చిన్న గది. పెద్దదైతే గబుక్కున చల్లబరిచి ఆగిపోతుంది, మళ్లీ ఉక్క మొదలు. నెమ్మదిగా, ఆగకుండా నడిచే చిన్నది చూపించు. దీని గాలి మళ్లించే రెక్కలు పైకి తిప్పితే అలాగే నిలబడతాయా, జారిపోతాయా?"

వాడు విసుక్కుంటున్నా వినకుండా రెక్కలు తిప్పి తిప్పి చూశాకే కొంది. గాలి పైకప్పుకు తగిలేలా, ఉయ్యాల మీద పడకుండా బిగించింది. మర్నాటికి పిల్లాడు కడుపునిండా తాగాడు.

వారం తిరక్కుండానే ఏసీ మొండికేసింది. గుర్రుమంటుంది గాని గది చల్లబడదు. పిల్లాడి ఒళ్లు కాలుతోంది. బీబీసోరా గడపలోంచే అందుకుంది.

"చెబితే విన్నావా? ఇక ఆ పెట్టె తీసి అవతల పారెయ్!"

మెకానిక్‌కు ఫోన్ చేస్తే గ్యాస్ పోయుంటుంది, వచ్చే వారం చూస్తానన్నాడు.

"అందాకా పిల్లాణ్ణి నీ ఇంట్లో పెట్టుకుంటావా?" అని ఫోన్ పెట్టేసి, కరెంటు కట్టేసి, స్టూలెక్కింది హాసియత్. నేను స్టూలు పట్టుకున్నాను.

మూత తీస్తే ఫిల్టర్ జాలీ కంటికి కనబడలేదు, నల్లటి జిడ్డు అట్టకట్టింది. గాలి ఆడక వెనక గొట్టాల మీద మంచు పేరుకుంది. జిడ్డును ముక్కు దగ్గర పెట్టుకోగానే ఆమెకు సంగతి తెలిసిపోయింది. అది ఇసిరిక్ ఆకు పొగ. వచ్చేపోయేవాళ్ల దిష్టి తగలకుండా రోజూ సాయంత్రం ఆ ఎండాకు పెనంలో కాల్చి, సరిగ్గా ఏసీ కిందే పొగ వేస్తున్నది తనే.

"వదిన గాలికి భయపడింది, నేను దిష్టికి భయపడ్డాను," అంది నాతో. "ఇద్దరం కలిసి వాడికి ఊపిరాడకుండా చేస్తున్నాం."

బాధపడుతూ కూర్చునే రకం కాదు. మంచు కరిగేదాకా కోడలి చేత తడిగుడ్డతో బిడ్డ ఒళ్లు తుడిపించింది. ఫిల్టర్‌ను సబ్బునీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి బిగించింది. పెనాన్ని వీధి గుమ్మం బయటికి తోసేసింది.

"దిష్టి ఉన్నవాళ్లు అక్కడే దింపుకుని రండి!"

ఏసీ వేసింది. గది నెమ్మదిగా చల్లబడింది, పిల్లాడు తల్లి రొమ్ము పట్టుకుని వదల్లేదు. తాగి నిద్రపోయాక బీబీసోరా లోపలికొచ్చి ఉయ్యాల పక్కన కూలబడింది. తిడుతుందేమోనని నేను సిద్ధంగా ఉన్నాను. ఆమె చెయ్యి చాచి గదిలో చల్లదనాన్ని చూసింది.

"ఇంతేనా?" అంది. "ఆనాడు ఆ బిడ్డకు కావలసింది ఇంతేనా హాసియత్?"

"అంతే వదినా."

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఊరుకో అని హాసియత్ అనలేదు, పోనీలే అని కూడా అనలేదు. ఉయ్యాల్లోంచి మనవణ్ణి తీసి ఆమె ఒళ్లో పెట్టింది.

"వాడి పాదాలు పట్టుకుని చూస్తూ ఉండు. చల్లబడితే చెప్పు, ఏసీ తగ్గిస్తాను."