టమాటా మా వంటింట్లోకి వచ్చిన దారి

పెద్దవాడు పుట్టిన ఎండాకాలంలో నా పళ్ల చిగుళ్ల నుంచి రక్తం కారడం మొదలైంది. పొద్దున వేపపుల్ల నోట్లో పెట్టుకుంటే చాలు, ఉమ్మి ఎర్రగా వచ్చేది. మా అత్త ఉప్పూ పసుపూ పెట్టి రుద్దమంది. రుద్దినాను, తగ్గలేదు. చివరికి మా ఆయన ఎద్దులబండి కట్టి, నన్నూ చంటివాణ్ణీ బళ్లారికి తీసుకుపోయినాడు. కంటోన్మెంటు దగ్గర ఒక డాక్టరమ్మ ఉండేది.

ఆమె నా చిగుళ్లు నొక్కి చూసి, "ఏం తింటాండావమ్మా?" అని అడిగింది.

జొన్నరొట్టె, చెనక్కాయల పొడి, చారు అని చెప్పినాను. బాలింతకు వాతం చేస్తుందని ఇంట్లో కూరగాయలు పెట్టేవాళ్లు కాదు.

"మందు ఇస్తా. దాంతోపాటు ఆకుకూరలు, నిమ్మకాయ, టమాటాపండ్లు తినల్ల."

"టమాటా ఎట్ల తినల్ల?"

"నోటితోనే," అని నవ్విందామె.

నవ్వితే నవ్వింది గానీ, నాకు నిజంగానే తెలియదు. మార్కెట్లో ఎర్రగా కుప్పలు పోసి ఉంటే దూరం నుంచి చూసేదాన్ని. అవి ఒకప్పుడు కంటోన్మెంటులో ఉండిన దొరలు తినేవని మా ఊళ్లో అనుకునేవాళ్లు. మా ఆయన కొని తువ్వాలలో మూటకట్టి తెస్తే, దారి పొడుగునా ఒడిలో పెట్టుకుని తిప్పితిప్పి చూసినాను. తొడిమ వంకాయ తొడిమ మాదిరే ఉంది. తోలు పండుమిరపకాయ మాదిరి నిగనిగలాడుతోంది. వాసన మాత్రం పండు వాసన కాదు, నలిపిన ఆకు వాసన. అయినా అంత ఎర్రగా ఉంది కాబట్టి తియ్యగానే ఉంటుందనుకుని గట్టిగా కొరికినాను. రసం చివ్వున చిమ్మి చీర మీద పడింది. తీపి లేదు. పులుపా అంటే చింతకాయ పులుపూ కాదు.

"ఎట్లుండాది?" అన్నాడాయన ఎద్దులను అదిలిస్తూ.

"తెలీలేదు. ఇంకొకటి తిని చెప్తా."

ఇంటికొచ్చినాక ఒకదాన్ని ఈలపీట మీద కోస్తుంటే మా అత్త వచ్చి నిలబడింది.

"ఏంది ఇది? హణ్ణా, కాయా?" అంది. పండును ఆమె కన్నడంలో హణ్ణు అనేది.

"డాక్టరమ్మ తినమంది అత్తా."

లోపలి ఎరుపు చూసి ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె మాంసం ముట్టేది కాదు. మామకు కోడి వండాలన్నా దొడ్లో వేరే పొయ్యి. "మాంసం కోసినట్లే ఉండాది. తింటే తిను. నా వంటింట్లోకి మాత్రం రాకూడదు," అని లోపలికి పోయింది.

అట్లా టమాటాలు దొడ్లో కోడి వండే పొయ్యి పక్కన బుట్టలో ఉండేవి. నేను రోజూ అక్కడికి పోయి పచ్చివి తినేదాన్ని. బెల్లంతో తిని చూసినాను, అంతకంటే పాడు రుచి నేనెరగను. చెనక్కాయల పొడిలో అద్దుకున్నాను, పరవాలేదు. ఉప్పు చల్లుకుంటే కొంచెం దారికొచ్చింది.

కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చినవాళ్లు మా ఊరి పక్కనే క్యాంపు వేసుకుని ఉండేవాళ్లు. అందులో ఒకామె మజ్జిగ కోసం మా ఇంటికి వచ్చేది. ఒకరోజు నన్ను చూసి, "అయ్యో, రామములక్కాయల్ని అలా మొహం చిట్లించుకుని మింగుతున్నావేంటమ్మా?" అంది.

మా అత్త గుమ్మంలోకి వచ్చింది. "ఏం కాయ అంటివి?"

"రామములక్కాయ పిన్నిగారూ. మా వైపు అలాగే అంటాం."

"రాముని పేరు ఎట్లొచ్చె దీనికి?"

"ఏమోనండీ, నాకూ తెలీదు. మా అమ్మ అనేది, నేనూ అంటున్నా."

ఆమె కొంగు దోపుకుని దొడ్లో పొయ్యి అంటించింది. నూనెలో పచ్చిమిరపకాయలు వేయించి, ముక్కలు వేసి, మూత పెట్టింది. మా అత్త గుమ్మం దాటలేదు గానీ అడగడం ఆపలేదు.

"చింతపండు ఎయ్యవా?"

"అక్కర్లేదండీ. పులుపు దీంట్లోనే ఉంది."

"నీళ్లు?"

"అవీ దీంట్లోనే ఉన్నాయి."

"మరి దీంట్లో లేనిదేంది?"

"ఉప్పూ కారం లేవు. అవే వేస్తున్నా," అని ఆమె నవ్వింది.

వెల్లుల్లి, జీలకర్ర కలిపి రోట్లో నూరిన ఆ పచ్చడిని వేడి జొన్నరొట్టెలో పెట్టి ఇచ్చింది. బండిలో నాకు అర్థం కాని రుచి అప్పుడు అర్థమైంది. పులుపు ముందు వచ్చి, కారం మధ్యలో తగిలి, చివర ఎక్కడో సన్నగా తీపి. అడగకుండానే ఇంకో రొట్టె తీసుకున్నాను.

అత్త ఆరోజు తినలేదు. కొన్నాళ్లకు పప్పు ఉడుకుతుండగా తనే నన్ను పిలిచింది. "ఆ రామములక్కాయ పప్పులో ఏస్తే ఎట్లుంటాది?" నేను బుట్ట పట్టుకుని గడప దగ్గర ఆగితే, "ఆడ నిలబడితే పప్పులోకి ఎట్లొస్తాది? లోపలికి రా," అంది. ఉడికినాక వేలి కొనతో నాకి చూసి, గరిటెతో అరచేతిలో ఇంకొంచెం వేసుకుంది. "చింతపండు పులుపు నాలిక మీద నిలబడతాది. ఇది జారిపోతాది," అని, తన అన్నంలో రెండు గరిటెలు వేసుకుంది.

నా చిగుళ్లు మెల్లగా గట్టిపడినాయి. మందుతోనా, ఆకుకూరలతోనా, టమాటాలతోనా అని అడిగితే, "ఏదీ మానొద్దు," అంది డాక్టరమ్మ. క్యాంపు ఆమె ఇచ్చిన నారును మా ఆయన మడి గట్టున నాటినాడు. కాపు వచ్చినాక, ఎండకు వెచ్చబడిన పండును చెట్టు నుంచి తెంపి అక్కడే తినడం నాకు అలవాటైపోయింది. ఎవరూ తినమనకుండానే.

మా అత్త పచ్చిది మాత్రం ఎప్పుడూ తినలేదు. ఒక సాయంత్రం గట్టు మీద నా పక్కన కూర్చుని, నేను తినేది చూసి చూసి, "పచ్చిది ఎట్లుంటాది?" అని అడిగింది.

"కొరికి చూడు అత్తా."

"నువ్వు తిని చెప్పు. నేను వింటా."

నేను ఇంకొకటి తెంపినాను.