తాగనివాడి కాలేయం

మా నాన్న బెంగాల్‌లోని లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూ తాగుడుతో పోయాడు. పొట్ట ఉబ్బి, కళ్ళు పచ్చబడి ఆయన పోయేనాటికి అన్నయ్యకు ఇంకా మీసాలు రాలేదు. పెద్దయ్యాక అన్నయ్యకూ అదే వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చింది. మందు మాత్రం ముట్టలేదు. ఎవరైనా గ్లాసు చేతికివ్వబోతే అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేవాడు. పెళ్ళి చేసుకోకుండా అమ్మతోనే ఉండిపోయాడు.

అతనికున్న సరదా తిండి ఒక్కటే. డ్యూటీ దిగగానే ముడీ అనే మరమరాలు, బంగాళాదుంప బోండాలాంటి ఆలూ చాప్, పైన రెండు రసగుల్లాలు. ఇంటికొచ్చాక కంచం నిండా అన్నం.

ఏటా రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు ఎక్కువగా ఉన్నట్టు వచ్చేది. తర్వాత తర్వాత షుగర్ కూడా హద్దు దాకా వచ్చింది. "కొలెస్ట్రాల్ బాగానే ఉందటమ్మా, ఇదేదో చిన్న కొవ్వు" అని నవ్వేసేవాడు. ఎక్కడా నొప్పి లేదు. మేమూ నవ్వి ఊరుకున్నాం.

రెండేళ్ళ కిందట అతనికి ఊరికే ఆయాసం, కాళ్ళ వాపు మొదలయ్యాయి. అమ్మా నేనూ ఆస్పత్రికి తీసుకెళ్ళాం. స్కాన్ చూసిన బెంగాలీ డాక్టరు మొదట అడిగిన మాట: "రోజుకు ఎంత తాగుతారు, దాదా?"

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. అమ్మ ముఖం చూడలేకపోయాను.

డాక్టరు ఇంకా చాలా చెప్పాడు. తాగనివాళ్ళ కాలేయంలోనూ కొవ్వు పేరుకుంటుందట. రక్తంలో ఆ కొవ్వు, షుగర్, నడుం చుట్టుకొలత కలిసి పెరుగుతుంటే అప్పుడే కాలేయాన్ని కూడా చూసుకోవాలట. ఇప్పుడది గట్టిపడిపోయిందట. అమ్మ చెవిన మాత్రం మొదటి ప్రశ్నే మిగిలింది. ఇంటికి రాగానే అడిగింది.

"ఎప్పట్నుంచి తాగుతున్నావురా?"

"ఒట్టమ్మా, నాను ముట్టనేదు."

"మీ అయ్యా ఇలాగే ఒట్లేసీవోడు."

మర్నాటి నుంచి అతను డ్యూటీ నుంచి రాగానే అమ్మ గుమ్మంలోనే ఆపి నోరు వాసన చూసేది. యాభైకి దగ్గరపడిన మనిషి, చెప్పులు విప్పకుండానే వంగి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచేవాడు. ఒకరోజు నేను కోప్పడితే అన్నయ్యే నన్ను ఆపాడు.

"పోనీయే. సూసుకున్నాకైనా ఆవిడకి నిద్ర పడతాది."

మిఠాయిలు మానేశాడు. అన్నం సగానికి సగం తగ్గించాడు. ట్రైగ్లిజరైడ్స్ దిగొచ్చాయి. కానీ పొట్టలో నీరు చేరడం ఆగలేదు. వానాకాలంలో ఒక పొద్దున్న రక్తం కక్కుకున్నాడు. ఆస్పత్రిలో వారం కూడా ఉండలేదు.

చివరిరోజు వరండాలో అమ్మ డాక్టరు చెయ్యి పట్టుకుని తనకొచ్చిన బెంగాలీలో అడిగింది, తన కొడుకు తాగేవాడా అని. ఆయన ఆమె పక్కనే బెంచీ మీద కూర్చుని చెప్పాడు: "లేదమ్మా. ఇది మందు వల్ల వచ్చింది కాదు."

అమ్మ ఆయన చెయ్యి వదిలేసింది. తర్వాత నాతో తెలుగులో అంది. "తాగుంటే తిట్టుకునైనా ఏడుద్దును. మరి నా కొడుకేటి సేసాడే?"



దినకర్మలకు రైల్వే క్వార్టర్స్‌లోని తెలుగువాళ్ళంతా వచ్చారు. వచ్చిన ప్రతి మనిషికీ అమ్మ ఎదురెళ్ళి, అడక్కముందే చెప్పింది: "మావోడు తాగనేదమ్మా. రగతంలో కొవ్వట." అందరూ అవునవునని తలూపారు. మెట్లు దిగుతూ ఒకావిడ పక్కావిడతో అంటుంటే విన్నాను.

"తల్లి కదా, అలాగే సెప్తాది."

అమ్మ కూడా వింది. లోపలికి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.